ఆత్మాహుతిని అహింసాయుత నిరసన అనవచ్చునా?

బౌద్ధ, క్రైస్తవ గ్రంథాలతో పరిచయమున్న పెద్దలు నా సందేహం తీర్చగలరని మనవి. దక్షిణ వియత్నాంలో అధ్యక్షుడు దియెం ప్రభుత్వం బౌద్ధులపై చూపిన వివక్షకు నిరసనగా, 1963 జూన్ 11న సైగాన్ కూడలిలో థిక్ క్వాంగ్ డుక్ అనే వృద్ధ భిక్షువు పద్మాసనం వేసుకుని కూర్చుని, సాటి భిక్షువు పెట్రోలు పోసిన తరువాత తానే అగ్గిపుల్ల గీసుకున్నారు. మంటల్లో ఆయన కదలలేదని కళ్లారా చూసినవారు రాశారు. ఇది ఆత్మహత్య కాదని వియత్నాం బౌద్ధ గురువు థిక్ నాట్ హాన్ 1965లో మార్టిన్ లూథర్ కింగ్‌కు రాసిన లేఖలో వాదించారు. రెండేళ్లకు కింగ్ ఆయన పేరునే నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు.

నా చిక్కు ఇది. చావును పొగిడి ఒకరిని అందుకు పురికొల్పడాన్ని సైతం భిక్షువుల నియమావళి అయిన వినయ పిటకం సంఘం నుంచి వెలివేయదగిన దోషంగా ఎంచుతుంది. మహాయాన బౌద్ధ గ్రంథమైన సద్ధర్మపుండరీక సూత్రంలో భైషజ్యరాజ బోధిసత్వుడు దేహాన్ని దహించుకున్న కథ ఉన్నమాట నిజమే గాని, అది బుద్ధపూజ. ప్రభుత్వంపై నిరసన కాదు. ఇక క్రైస్తవంలో హతసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమర్పించినవాడు, ఇతరుల చేతిలో మరణిస్తాడే తప్ప తన ప్రాణం తానే తీసుకోడు. అయినా 1965 నవంబరులో నార్మన్ మోరిసన్ అనే క్వేకర్ (యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖకు చెందినవాడు) వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్ ఎదుట నిప్పంటించుకున్నాడు.

స్నేహితుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదన్న యోహాను సువార్త వాక్యం (15:13) ఇటువంటి చర్యకు వర్తిస్తుందని అంగీకరించిన క్రైస్తవ వేదాంతులు ఉన్నారా? థేరవాద (శ్రీలంక, థాయిలాండ్‌లలో ప్రబలంగా ఉన్న బౌద్ధ శాఖ) ఆచార్యులు దీన్ని ఏ ఆధారంతో సమర్థించారు, లేదా ఖండించారు? మూలవాక్యాలు చూపిస్తే కృతజ్ఞుడను.