వీడియో రెండర్ పెడితే సిస్టమ్ వేడెక్కి ఆఫ్ అయిపోతోంది, మదర్‌బోర్డ్ పోయిందంటున్నారు, నిజమేనా?

మియాపూర్_ఎడిటర్:
అందరికీ నమస్తే. నాది అసెంబుల్డ్ డెస్క్‌టాప్, ఇంటెల్ ఐ5-10400, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన కూలరే, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. నాలుగేళ్లుగా ఒక్కరోజు కూడా సతాయించలేదు. పోయిన నెల ఎల్బీ నగర్ నుంచి మియాపూర్‌కి ఇల్లు మారాం, ఆ తర్వాతే మొదలైంది. బ్రౌజర్ వరకు ఓకే గానీ ఫ్యాన్ మాత్రం పిండి గిర్నీలా మోగుతుంది, రెండర్ (ఎడిట్ చేసింది ఫైనల్ వీడియో ఫైల్‌గా తయారవడం) పెడితే పది నిమిషాల్లో ఠక్కున ఆఫ్. ప్రాసెసర్ వేడి చూపించే కోర్ టెంప్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఖాళీగా ఉన్నప్పుడే 65 డిగ్రీలు, రెండర్ పెట్టగానే 100. ఎండల వల్లేమో అని ఏసీ గదిలో పెట్టి చూశా, మళ్లీ అదే 100. ఇక్కడ దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్తే మూత కూడా తీయకుండా మదర్‌బోర్డ్ పోయింది, 8 వేలు అవుతుంది అన్నారు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాణ్ణి, రెండు పెళ్లిళ్లవి ఇవ్వాల్సి ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్_కుర్రాడు:
ముందు ఆ 8 వేలు ఇవ్వకండి అన్నా. ఆ ప్రాసెసర్‌కి 100 డిగ్రీలు హద్దు, అక్కడికి చేరగానే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే చిప్ కాలిపోకుండా సిస్టమ్ ఆఫ్ అవుతుంది. అంటే వేడి బయటికి పోవట్లేదంతే. సైడ్ మూత తీసి దుమ్ము చూడండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది.

పాత_మెకానిక్:
దుమ్ము సంగతి సరే, కానీ ఇల్లు మారాక మొదలైందన్నారు చూడండి, నాకు అనుమానం అక్కడే. ఆ కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు, ట్రాలీ ఆటోలో అంత దూరం కుదుపులకి ఒకటి ఊడినా చాలు, కూలర్ ఒక పక్కకి లేచి చిప్‌కి సరిగ్గా ఆనదు. ఏసీ గదిలో కూడా 100 వచ్చిందంటే ఎండల తప్పు కాదు. కరెంట్ ప్లగ్ పూర్తిగా తీసేసి, కూలర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి, అస్సలు కదలకూడదు.

మియాపూర్_ఎడిటర్:
మెకానిక్ గారూ, కదులుతోంది! కింద ఎడమ పక్క పిన్ను పైకి లేచి ఉంది.

పాత_మెకానిక్:
అయితే దొరికినట్టే. ఊరికే నొక్కి వదిలేయకండి, కూలర్ లేచిందంటే చిప్ వేడిని కూలర్‌కి అందించే పాత థర్మల్ పేస్ట్ ఇక పనికిరాదు. పిన్ను తల మీద బాణం ఉంటుంది, అటు తిప్పి పైకి లాగితే ఊడుతుంది. కూలర్ తీసి రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మధ్యలో బఠాణీ గింజంత థర్మల్ పేస్ట్ పెట్టండి, అంతకంటే ఎక్కువొద్దు. పిన్నులన్నీ బాణానికి ఎదురు దిక్కుకి తిప్పి ఉంచుకుని, ఎదురెదురు మూలలవి జతగా టక్ మనేదాకా నొక్కండి. బోర్డు వంగుతుందేమో అనిపిస్తుంది, కాస్త బలం కావాల్సిందే. ఫ్యాన్ వైరు మళ్లీ పెట్టడం మర్చిపోకండి.

మియాపూర్_ఎడిటర్:
నిన్న సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి పేస్ట్ తెచ్చా. కూలర్ తీసి చూస్తే సగం వైపు పేస్ట్ సుద్దలా ఎండిపోయి పొడి రాలుతోంది, ఇంకో సగం ఇంకా మెత్తగానే ఉంది, ఆ సగమే ఆనుతున్నట్టుంది పాపం. ఇప్పుడు ఖాళీగా 41, నలభై నిమిషాల రెండర్‌లో 74 దాటలేదు. ఒక పెళ్లి వీడియో రాత్రే పంపించేశా. మీ ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. ఒక్క డౌట్, ఊడిన ఆ పిన్ను కాలు వంగిన చోట తెల్లబడింది, పర్లేదా?

పాత_మెకానిక్:
తెల్లబడిందంటే ప్లాస్టిక్ నీరసించింది, మళ్లీ ఊడుతుంది. బోర్డు వెనక ప్లేటు పెట్టి స్క్రూలతో బిగించే కూలర్ తీసుకోండి. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1200 రకం, 1151 సాకెట్ కూలర్ కూడా సరిపోతుంది. 1700 కి మాత్రమే చేసింది అంటగడితే తీసుకోకండి, రంధ్రాల దూరం వేరు. అప్పటిదాకా సిస్టమ్‌ని అటూ ఇటూ జరపకండి.