జెర్సీ ఆవు తేన్పు ఎవరి పద్దులో రాయాలి: చిత్తూరుకా, చెన్నైకా?

తిరుచానూరు రోడ్డు:
మా ఇంట్లో జెర్సీ అంటే ఆవే. అదొక దీవి పేరని డిగ్రీకి వచ్చాక గానీ నాకు తెలియలేదు. బ్రిటన్ రాచరికం కింద, ఫ్రాన్సు ఒడ్డుకు దగ్గర్లో ఉంటుంది. వైశాల్యం 120 చదరపు కిలోమీటర్ల లోపు, జనం లక్ష పైచిలుకు. తిరుపతి టౌను జనంలో సగం కూడా కాదు. 1789లోనే బయటి ఆవుల్ని దీవిలోకి రానివ్వకుండా చట్టం చేసుకున్నారు. 2008లో బయటి ఎద్దుల వీర్యానికి మాత్రం అనుమతిచ్చారు. రానివ్వలేదు గానీ పంపడం బాగా పంపారు. పలమనేరు, కుప్పం వైపు ఏ పాకలోకి తొంగిచూసినా ఆ దీవి రక్తమే కనిపిస్తుంది.

అసలు సంగతికి వస్తా. ఆవు తేన్పులో, వరిమడిలో, కుళ్ళిన చెత్తలో పుట్టి భూమిని వేడెక్కించే గ్యాసు మీథేన్. అది ఎక్కడ పుడితే అక్కడే లెక్క రాయాలన్నది ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) పద్ధతి. ఆ దీవి వాళ్ళు తినే బియ్యం ఓడలో వస్తుంది. ఆ వరిమడి వదిలిన మీథేన్ మాత్రం పండించిన దేశం పద్దులోనే ఉండిపోతుంది. దీవి పద్దులో పడేది వాళ్ళ ఆవుల తేన్పు, పేడ. చెత్తను కూడా కాల్చి కరెంటు తీస్తారు కాబట్టి కుళ్ళి వచ్చే గ్యాసూ తక్కువే. తినేది ఎంతైనా కాగితం మీద కనిపించేది కొంచెమే.

మనది తలకిందుల కథ. పాలు చెన్నైకి, బెంగళూరుకి పోతాయి, తేన్పు ఇక్కడ మిగులుతుంది. రేపు జిల్లాకింతని మీథేన్ లెక్క కట్టే రోజొస్తే దాన్ని పాలు తాగేవాళ్ళ పద్దులో రాయాలంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

పలమనేరు పాడి:
అబ్బయ్యా, పద్దు ఎవురికి రాస్తే ఏముంది, కట్టేది మేమే గదా. తెల్లారి అయిదుకు పిండి కేంద్రానికి తీసకపోతే ఒకరోజు ఫ్యాట్ 3.8 అంటారు, మర్నాడు 3.5 అంటారు. అదే ఆవు, అదే గడ్డి. క్యాను ముందర పెట్టినా వెన్న సరిగ్గా కొలవలేరు, ఆవు వదిలే గ్యాసు కొలుస్తారా? ఈ మాట చెప్తే మా ఊర్లో అందరూ తోక కింద మీటరు కట్టాలేమో అని నవ్వుతా ఉండారు.

రిటైర్డ్ పశువైద్యుడు:
ముందు ఆ నవ్వు సంగతి. గ్యాసులో ఎక్కువ భాగం తోక వైపు నుంచి కాదు, నోటి నుంచే వస్తుంది. పెద్దపొట్టలో గడ్డి పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మీథేన్ చేస్తాయి. మధ్యాహ్నం నెమరేసే ఆవు పక్కన కూర్చుని చూడండి. ముద్ద మింగుతుంది, కాస్త ఆగుతుంది, గొంతు కింద అలలాంటిది పైకి లేచి ఇంకో ముద్ద నోట్లోకి వస్తుంది. తేన్పు మాత్రం వినబడదు. చాలావరకు ఊపిరితో కలిసి బయటికి పోతుంది.

ఇక కొలత. ప్రతి ఆవుకూ మీటరు కట్టరు, పట్టిక చూసి రాస్తారు. ఐపీసీసీ 2006 పట్టికలో పశ్చిమ యూరప్ పాడి ఆవుకు ఏడాదికి 117 కిలోల మీథేన్, 6,000 కిలోల పాలు. మన ఉపఖండం ఆవుకు 58 కిలోల మీథేన్, 900 కిలోల పాలు. ఆవుకింతని చూస్తే మనది వాళ్ళలో సగం. కిలో పాలకు చూస్తే వాళ్ళది 20 గ్రాముల లోపు, మనది 64.

తిరుచానూరు రోడ్డు గారూ, ఇక్కడే మీ వాదన మీకే ఎదురు తిరుగుతుంది. లెక్క తాగేవాళ్ళ మీద పడితే, కిలోకి తక్కువ గ్యాసు ఉన్న పాలు ఎక్కడుంటే వాళ్ళు అక్కడే కొంటారు. యూరప్ పాలపొడి చవగ్గా కనిపిస్తుంది. అయితే ఆ 900 ఉపఖండం మొత్తానికి సగటు. మన సంకరజాతి ఆవు రోజుకు 10 లీటర్ల చొప్పున 300 రోజులు ఇస్తే 3,000 అవుతుంది. అది మేసేదీ ఎక్కువే, గ్యాసూ 58 దాటుతుంది, అయినా లీటరుకు బాగా తగ్గుతుంది.

పుంగనూరు పొట్టి:
మూడడుగులు దాటని మా పుంగనూరు ఆవును మరిచిపోయారు. తినేదే కొంచెం, ఇక తేన్పెంత?

పలమనేరు పాడి:
పాలెన్ని ఇస్తుందో కూడా చెప్పన్నా. ఫొటోకైతే బ్రహ్మాండంగా ఉంటుంది.

బెంగళూరు బావ:
ఆ పాలు తాగేవాణ్ణి నేనే. లీటరుకు రూపాయి ఎక్కువ కట్టమంటే కడతా, కానీ ఆ రూపాయి పాకదాకా చేరుతుందా? డెన్మార్కు 2030 నుంచి పశువులు వదిలే గ్యాసు మీద, దాన్ని కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చి, టన్నుకు 300 క్రోనర్ల (వాళ్ళ డబ్బు) పన్ను వేయాలని నిర్ణయించుకుంది. న్యూజీలాండ్ 2022లో తెస్తామన్న తేన్పు పన్నును 2024లో వదిలేసుకుంది. రెండుచోట్లా వేలు చూపించింది రైతు వైపే.

బైరాగిపట్టెడ:
అందరూ ఆవు మూతి దగ్గరే ఆగిపోయారు. పెళ్ళి మర్నాడు ఏ కల్యాణమండపం వెనక్కైనా వెళ్ళి చూడండి. నల్ల కవర్లో సాంబారన్నం, దానిమీద విస్తళ్ళు, దానిమీద నీళ్ళ సీసాలు, పైన గట్టిగా ముడి. మధ్యాహ్నానికి ఎండకు కవరు బెలూన్లా ఉబ్బుతుంది. గాలి తగలకుండా కుళ్ళితే వచ్చేదీ మీథేనే. తిరుపతి దగ్గర తూకివాకంలో తడిచెత్తతో గ్యాసు తీసే ప్లాంటు ఉంది, కానీ ఆ ముడి విప్పి అన్నాన్నీ సీసాల్నీ వేరుచేసేదెవరు? పెళ్ళికి చుట్టాలు చెన్నై నుంచి వచ్చారు కదా అని ఇదీ చెన్నై పద్దులోనే రాద్దామా?

తిరుచానూరు రోడ్డు:
చుట్టాల మాటకు నవ్వొచ్చింది గానీ, కొండకు వచ్చే యాత్రికుల సంగతి తలుచుకుంటే అది నవ్వులాట కాదు.

డాక్టరు గారి పాలపొడి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒక్క పద్దు సరిపోదని ఒప్పుకుంటున్నా. పుట్టినచోట ఒకటి, తిన్నచోట ఒకటి, రెండూ పక్కపక్కన ఉండాలి. ఎల్లల్ని నమ్ముకుంటే ఎట్లా ఉంటుందో చూడండి. చిత్తూరోళ్ళం నెల్లూరు బియ్యం తిని ఆ మడుల గ్యాసు నెల్లూరుకే వదిలేసేవాళ్ళం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి నెల్లూరు జిల్లాలోని నాయుడుపేట, సూళ్ళూరుపేట మా కొత్త తిరుపతి జిల్లాలో కలిశాయి. మడిలో నీళ్ళు కదల్లేదు, గట్టు మారలేదు, ఒక్క జీవోతో ఆ గ్యాసు మన జిల్లాకొచ్చేసింది!

రిటైర్డ్ పశువైద్యుడు:
పద్దులు మీరు తేల్చుకోండి, తగ్గించే దారి ఒకటి చెబుతా. బెంగళూరులోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పశుపోషణ సంస్థ ‘హరిత్ ధార’ అని మొక్కల్లో వగరునిచ్చే టానిన్లతో ఒక పొడి చేసింది. దాణాలో కలిపితే మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ళ మాట. ఇంకోటి, ఆవు తిన్న మేతలోని శక్తిలో దాదాపు 6 శాతం ఈ గ్యాసుగానే బయటికి పోతుంది.

పలమనేరు పాడి:
సార్, ఆ ఆరు శాతం మాట ముందే చెప్పుండాల్సింది. వంద రూపాయల చెనిక్కాయ చెక్క వేస్తే ఆరు రూపాయలు గాల్లోకి పోతా ఉండాయన్నమాట. ఇన్ని దినాలూ పోయింది నా దుడ్డే గదా! ఆ పొడి యాడ దొరుకుతుంది, కిలో ఎంత, ఈనిన ఆవుకు పెట్టొచ్చునా? రాసి పెట్టండి సార్. పాలకు టైమయింది, వచ్చి చూస్తా.