ఆరోగ్య పాఠాలను పిల్లల చేతికి ఇవ్వవచ్చా?

విద్యార్థిని తండ్రి, విజయనగరం:
ఆయుష్మాన్ భారత్‌లో భాగంగా 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులు శిక్షణ పొంది పాఠాలు చెప్పాలి, ఎంపికైన విద్యార్థులు ఆ మాటలను తోటివారిలోకి తీసుకువెళ్ళాలి. తొమ్మిదో తరగతిలో మా అమ్మాయి అలా ఎంపికై బ్యాడ్జీ పెట్టుకున్న రోజున మేమూ పొంగిపోయాం. కొన్నాళ్ళకు ఒక స్నేహితురాలు తనకు బతకాలని లేదని చెప్పి, ఎవరితోనూ అనకూడదని ఒట్టు వేయించుకుంది. నాలుగు రోజులు మా పిల్ల సరిగ్గా తినలేదు. చివరికి రాత్రి రెండు గంటలకు లేచి, ఆ అమ్మాయి నుంచి ఏదైనా వచ్చిందేమోనని నా ఫోను తీసి చూస్తూ వాళ్ళమ్మ కంటపడింది. ఆ అమ్మాయిని వెంటనే వైద్యులకు చూపించారు, ఇప్పుడు కుదుటపడింది. అయినా పద్నాలుగేళ్ళ పిల్ల మీద ఇంత బరువు పెట్టే పద్ధతి అసలు ఉండవచ్చా అన్నది నా ప్రశ్న.

ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం:
మీ అమ్మాయి పడిన వేదన చదివి మనసు కలుక్కుమంది. ఆ తప్పు ఆమెది కాదు, ఒట్టును ఎప్పుడు పక్కన పెట్టాలో ఆమెకు చెప్పని పెద్దలది. అలాగని పిల్లలను తప్పించడం నాకు సమ్మతం కాదు. మా బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు కుళాయి గట్టు కింద తడిసి మరకలుగా కనిపించేవి. రక్తహీనత గురించి నేను మూడుసార్లు పాఠం చెప్పినా మరకలు తగ్గలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు తోటివారిని అడిగి రెండు రోజుల్లో కారణం పట్టుకున్నారు: చద్దన్నమైనా తినకుండా పరుగెత్తుకొచ్చే పిల్లలకు ప్రార్థన కాగానే మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, పైగా అది పిల్లలు పుట్టకుండా ఇచ్చే మాత్రన్న పుకారు తిరుగుతోంది. ఆ పుకారు నా చెవిన పడే దారే లేదు. మధ్యాహ్న భోజనం తర్వాత మాత్ర ఇవ్వడం మొదలుపెట్టి, ఆ ఇద్దరూ అందరి ముందూ తామే వేసుకున్నాక మరకలు దాదాపు పోయాయి. మగపిల్లల సంగతి ఇంకా కష్టం. మా ఊళ్ళ తండ్రులు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళితే నెలల తరబడి రారు. గొంతు మారినా, నిద్రలో బట్టలు తడిసినా బెంగపడే పిల్లవాడు నాయనమ్మను అడగలేడు, నన్నూ అడగలేడు. పదో తరగతి అన్నను అడుగుతాడు. ఆ అన్నకు సరైన జవాబు తెలిసేలా చూడటమే మన చేతిలో ఉన్నది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, బొబ్బిలి:
అమ్మా, మాత్రల సంగతి ఒప్పుకుంటాను. అయితే శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు బదిలీ అయితే ఆ పాఠం మొత్తం పిల్లల మీదే పడటం నేను కళ్ళారా చూశాను. అది విద్యార్థుల నాయకత్వం కాదు, పెద్దలు చేతులు దులుపుకోవడం.

ఉపాధ్యాయిని:
నిజమే మాస్టారూ, అందుకే హద్దు గీయాలంటున్నాను. నెలసరి, తిండి, నిద్ర, గుట్కా గురించి పిల్లలు మాట్లాడుకోవచ్చు. చావు మాట గానీ, ఎవరో ఒంటి మీద చెయ్యి వేశారన్న మాట గానీ వస్తే అది ఆ రోజే పెద్దలకు చేరాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టంలో నేరం తెలిసీ చెప్పని పెద్దలకు శిక్ష ఉంది, పిల్లలకు మాత్రం 21వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. చట్టం మోపని భారాన్ని బడి ఎందుకు మోపాలి? "ఎవరికీ చెప్పనని మాటివ్వలేను, నీతోపాటు టీచరు దగ్గరకు వస్తాను" అన్న వాక్యాన్ని మా పిల్లల చేత మొదటి రోజే బిగ్గరగా పలికిస్తున్నాం. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416, ఆపదలో ఉన్న పిల్లలకు సాయపడే చైల్డ్‌లైన్ 1098 నంబర్లను బడి వెనక గోడ మీద రాయించాం, ఎందుకంటే తరగతి గదిలో అందరూ చూస్తుండగా రాసుకోవడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారు.

విద్యార్థిని తండ్రి:
ఆ వాక్యాన్ని మా అమ్మాయికి చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, "అలా అనవచ్చని నాకు తెలియదు నాన్నా" అంది. బ్యాడ్జీ తిరిగి ఇచ్చేయమందామనుకున్నాను, ఇప్పుడు ఆ ఆలోచన మానుకున్నాను. అయితే బడి వేళలు దాటినా ఫోను ఎత్తే ఉపాధ్యాయిని పేరు, నంబరు ఆ పిల్లలకు రాసి ఇవ్వాలని వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో అడుగుతాను. అది చేతికి వచ్చేదాకా మా అమ్మాయిని ఆ పనికి పంపను.