నిక్ సేబన్ విజయాల అసలు రహస్యం ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా అమెరికాలోని అలబామా రాష్ట్రానికి వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) అంటే ప్రాణం. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని నేనూ ఇక్కడి యూనివర్సిటీ జట్టు మాజీ కోచ్ నిక్ సేబన్ పాత మ్యాచ్‌లు వెతుక్కుని మరీ చూస్తున్నాను.

ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)తో 2003లో ఒక జాతీయ టైటిల్, అలబామాతో 2009 నుంచి 2020 దాకా ఆరు. మధ్యలో ప్రొఫెషనల్ జట్టు మయామీ డాల్ఫిన్స్‌తో మాత్రం రెండు సీజన్లలో 15 గెలుపులు, 17 ఓటములు. అదే మనిషి, అదే క్రమశిక్షణ. మరి ఇంత తేడా ఎందుకు?

2018 జనవరి ఫైనల్ అయితే మూడుసార్లు చూశాను. సగం ఆటకి ప్రత్యర్థి జార్జియా యూనివర్సిటీ 13-0 ఆధిక్యంలో ఉంది. సేబన్ ఆట మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టాగోవైలోవాని దింపారు. ఓవర్‌టైమ్‌లో ఆ అబ్బాయి ముందు బంతితో దొరికిపోయి జట్టుకి 16 గజాలు పోగొట్టాడు. చూస్తున్న నాకే టెన్షన్! తర్వాతి ప్లేలోనే 41 గజాల పాస్, టచ్‌డౌన్ (బంతి ప్రత్యర్థి చివరి గీత దాటితే వచ్చే స్కోరు), 26-23తో గెలుపు.

కాలేజీలో హైస్కూల్ పిల్లల్ని ఇళ్లకు వెళ్లి ఒప్పించి తెచ్చుకోవచ్చు, ప్రొఫెషనల్‌లో డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం), జీతాల పరిమితి ఉంటాయి. తేడా అంతా అక్కడే ఉందా, లేక ఆయన శిక్షణలోనే ఏదైనా ఉందా? డిఫెన్స్ ఎత్తుగడలు అర్థమవ్వాలంటే ముందు ఏ మ్యాచ్ చూడాలో కూడా దయచేసి చెప్పండి.