గలగలా, గరగరా, లొడలొడా? పొడి క్లచ్ చప్పుడు మీద ఒక చర్చ

ప్రశ్న (పాలకొల్లు నుంచి)

అందరికీ నమస్కారమండి. మా బాబాయి దగ్గర 1990ల నాటి ఇటలీ మోటారుసైకిలు ఒకటుంది. క్లచ్ పొడి రకం. అంటే ప్లేట్లు ఆయిల్లో మునిగి ఉండవు, గాలికే తిరుగుతాయి. బండి స్టార్ట్ చేసి క్లచ్ లివరు నొక్కితే వీధంతా వినిపించే చప్పుడు. బెంగళూరులో మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, తెలుగువాడే. ఫోన్లో "ఎలాంటి సౌండండీ?" అన్నాడు. నేను గలగల అన్నాను. బాబాయి నా చేతిలోంచి ఫోను లాక్కుని "గలగల కాదు, గరగర" అన్నాడు. వంటింట్లోంచి పిన్ని "లొడలొడ అని చెప్పండి" అని కేకేసింది. "ముందు మీరంతా ఒక మాట అనుకుని చేయండి" అని ఆయన ఫోను పెట్టేశాడు. ఈ మూడింటికీ నిజంగా తేడా ఉందా, నోటికి ఏదొస్తే అది అనొచ్చా?

జవాబు

తేడా ఉందండి, బోలెడు. మన ధ్వన్యనుకరణ పదాల్లో రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి పుట్టుకతోనే జంట: గలగల, గరగర, లొడలొడ, టకటక. విడదీస్తే వీటికి ప్రాణం ఉండదు, "బండి గల అంది" అని ఎవరూ అనరు. రెండోది ఒంటరిగా బతకగలిగేది: ఠంగు, కిర్రు, కీచు, గుయ్యి. ఠంగుమంది, కీచుమంది అంటాం. కావాలంటే ఇవీ జంట కడతాయి గానీ, "ఠంగు ఠంగు" అన్నామంటే ఒక్కో దెబ్బా విడివిడిగా చెవికి అందుతోందన్న మాట. గలగలలో దెబ్బలు లెక్కకు అందవు, అన్నీ కలిసి ఒకే చప్పుడైపోతాయి.

ఇది బండి దగ్గర బాగా పనికొస్తుంది. ఐడ్లింగులో ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోందనుకోండి, సెకనుకు పదహారు పదిహేడు. చుట్టుకు ఒక్కసారే తగిలే దెబ్బనైనా ఆ వేగంలో చెవి లెక్కపెట్టలేదు. అందుకే బండి నిలబెట్టి ఉండగా "ఠంగు ఠంగుమంటోంది" అని ఎవరైనా చెబితే నేను నమ్మను. గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు ఒక్కసారి ఠంగుమందంటే మాత్రం చెవి నిక్కబొడుచుకుని వింటాను.

ఇక మీ మూడు మాటలు. గలగల అనాలంటే గట్టి వస్తువులు చాలా ఉండాలి, వదులుగా ఉండాలి, ఒకదానికొకటి తగలాలి: గాజులు, మువ్వలు, జేబులో చిల్లర. పొడి క్లచ్‌లో జరిగేది సరిగ్గా అదే. ఘర్షణ ప్లేట్ల అంచుల చుట్టూ పళ్ళుంటాయి, అవి బయటి డ్రమ్ము గాడుల్లో కూర్చుంటాయి. లివరు నొక్కగానే స్ప్రింగుల ఒత్తిడి తొలగి ప్లేట్లన్నీ వదులవుతాయి. ఇంజను కుదుపు కుదుపుకీ ఆ పళ్ళు గాడి గోడలకు కొట్టుకుంటాయి. మధ్యలో ఆయిలు లేదు కాబట్టి దెబ్బను మింగేది లేదు. ఇటలీ వాళ్ళ డుకాటి వి-ట్విన్లలో, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజన్లలో, రెండూ సమానమైన ఎడంతో మండవు, ఇంజను 270 డిగ్రీలు తిరిగాక ఒకటి, తరవాత 450 డిగ్రీలు తిరిగాక మరొకటి. అందువల్ల ఆ కుదుపు ఇంకా ఎగుడుదిగుడుగా ఉంటుంది. కాబట్టి ఆ జాతి బండిలో నొక్కినప్పుడు వచ్చే గలగల దాని తీరే, రోగం కాదు. కొందరు ఆ చప్పుడు కోసమే పక్క మూతకు కన్నాలున్నది వేయించుకుంటారు. మనం 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచీ బుల్లెట్టు వింటూ పెరిగినవాళ్ళం. దాని క్లచ్ ఆయిల్లోనే ఉంటుంది, నోరెత్తదు. అందుకే కంగారు.

లొడలొడ వేరు. ఒక డొల్లలో పట్టు తప్పిన వస్తువు అటూ ఇటూ కదిలితే లొడలొడ. మన అంబాజీపేట వైపు కురిడీ కాయను చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తారు చూడండి, నీరింకిపోయి గుండు పెంకు నుంచి విడిపోతే వచ్చే చప్పుడు అది. అందులో చోటు ఎక్కువైందన్న కబురు ఉంది. అంటే గాడులు అరిగి ప్లేట్ల పళ్ళకు సందు పెరిగిపోయిందని పిన్నిగారి మాటకు అర్థం చెప్పుకోవచ్చు. గరగరకు సందుతో పని లేదు. అది గరుకు మీద గరుకు రాపిడి, గొంతు గరగరలాడినట్టు. ఆ మాట వింటే మెకానిక్కు చూపు బేరింగు మీదికి పోతుంది. ఫోను పెట్టేసిన ఆయన తప్పేమీ లేదు, మీరు ముగ్గురూ మూడు వేరు వేరు సంగతులు చెప్పారు.

వ్యాఖ్య (రావులపాలెం)

ఆయ్. నేను షెడ్డులో పని చేసేవోణ్ణండి, యాకరణం నాకు తెలీదు. మాటల సంగతి తరవాత చూసుకుందురు గానీ, సౌండు క్లచ్చి నొక్కితే వత్తందా, వదిలేత్తే వత్తందా? ముందు అది చెప్పాలండి. నొక్కినప్పుడు గలగలమని, వదలగానే ఊరుకుంటే ప్లేట్లే. నొక్కినప్పుడు గుయ్యిమనో గరగరమనో అంటే ప్లేట్లను అదిమి పట్టే ప్రెషర్ ప్లేటులో ఉండే రిలీజు బేరింగు అనుమానించాల. వదిలేసి న్యూట్రల్లో ఉన్నప్పుడు గరగరమని, నొక్కితే తగ్గిపోతే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్చి నుంచి గేరుబాక్సులోకి తిరిగే కడ్డీ) బేరింగు. నొక్కినా వదిలినా ఒకేలాగ ఉంటే క్లచ్చి జోలికి పోకండి, అది ఇంకెక్కడిదో. ఇంకోటండి, న్యూట్రల్లో నొక్కి చూత్తే షాఫ్టు పూర్తిగా ఆగదు, ప్లేట్లు కొంచెం లాగుతానే ఉంటాయి. బ్రేకు గట్టిగా పట్టుకుని, క్లచ్చి నొక్కి ఫస్టు గేరేసి వినండి. అప్పుడు షాఫ్టు, దాంతో పాటు రిలీజు బేరింగూ ఆగిపోతాయి, వాటి సౌండు కలవదు.

జవాబు

మేష్టారూ, ఇదండీ అసలు పాఠం. నేను రాసినదాంట్లో "ఎప్పుడు" అన్నది లేనే లేదు.

వ్యాఖ్య (అమలాపురం)

గలగల ఆమ్రేడితం కాదా అండి? బళ్ళో అలాగే చెప్పిన గుర్తు.

జవాబు

కాదండి. ఒక మాటనే రెండుసార్లు పలికితే రెండోదాన్ని ఆమ్రేడితం అంటారు: ఏమేమి, ఔరౌర. అక్కడ ఏమి, ఔర విడిగానూ మాటలే. గలగలలో మొదటి గలకే అర్థం లేదు. డబ్బు గలవాడిలోని గలకూ దీనికీ చుట్టరికం లేదు, ఇలాంటి బండ్లు కొనడానికి ఆ గల కావాలనుకోండి.

వ్యాఖ్య (భీమవరం)

మా పెదనాన్నగారి పాత బీఎండబ్ల్యూ క్లచ్ కూడా పొడిదే. ఎప్పుడూ గలగల వినలేదే?

జవాబు

అందులో ప్లేటు ఒక్కటే ఉంటుంది కదండీ, ఫ్లైవీలుకు (ఇంజనుతో తిరిగే బరువు చక్రానికి) ఆనుకుని, ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య గట్టి పెట్టెలో. 1923 నాటి ఆర్32 నుంచి వాళ్ళ బాక్సర్లది, అంటే సిలిండర్లు చెరో పక్కకు పడుకుని ఉండే ఇంజన్లది, పొడి క్లచ్చే. 2013లో ఆర్1200జీఎస్‌తో ఆయిల్లో మునిగే రకానికి మారడం మొదలుపెట్టారు. గలగలకు బహువచనం కావాలి. ఒంటి ప్లేటు ఏం గలగలలాడుతుంది?

వ్యాఖ్య (నర్సాపురం)

మా వైపు ఏ చప్పుడు వచ్చినా పది చుక్కలు ఆయిలు వేసేస్తారండి. దీనికీ వేస్తే పోదా?

రావులపాలెం

వద్దండి బాబూ! సౌండు తగ్గుద్దేమో గానీ ప్లేట్లు జారిపోతాయి. ఇంజను రేజవుతుంది, బండి ముందుకెళ్ళదు. ఆయిలు పీల్చిన ప్లేటు మళ్ళీ పనికి రాదండి. మీరు పోయకుండానే లోపల తడి కనబడితే ఎక్కడో సీలు పోయినట్టు. మీది సముద్రం గాలి కాబట్టి ఇంకో మాట. వానాకాలమంతా బండి కదపకుండా ఉంచితే స్టీలు ప్లేట్లు తుప్పట్టి అంటుకుపోతాయి. మొదట్లో కరకరమంటది, క్లచ్చి నొక్కినా బండి ముందుకి లాగుద్ది. అది వేరే కేసు.

పాలకొల్లు

రావులపాలెం గారు చెప్పినట్టే న్యూట్రల్లో ఒకసారి, బ్రేకు పట్టుకుని ఫస్టు గేరులో ఒకసారి విన్నామండి. నొక్కితే గలగల ఉంది, గరగర లేదు. వదిలి న్యూట్రల్లో పెడితే నిశ్శబ్దం. అయితే బండి కదిలించేటప్పుడు ఒక్కసారి ఠంగుమంటోంది. ఇదివరకు అలా లేదంటాడు బాబాయి.

రావులపాలెం

అయితే గాడులు తిన్నాయండి. గలగల ఒక్కటే అయితే వదిలెయ్యమందును. మూత విప్పి డ్రమ్ము గాడి గోడల మీద వేలు పెట్టి చూడండి. నున్నగా ఉంటే సరే, ప్లేటు పళ్ళు తగిలే చోట గంట్లు గంట్లుగా చేతికి తగిలితే అరిగినట్టే. ప్లేటు పళ్ళ చివర కూడా మేకు తలకాయలాగ ఒత్తుకుపోయి ఉంటాది. ఒక్క ప్లేట్లే మార్చి పాత డ్రమ్ములో వేయించకండి. కొత్త పళ్ళు ఆ గంట్లలో పట్టేసి క్లచ్చి సాఫీగా వదలదు, కొత్తవీ తొందరగా పోతాయి. రెండూ కలిపి మార్చాల, ఖర్చవుద్ది మరి. విప్పినప్పుడు లోపల నల్లటి పొడి ఉంటాదండి. దాన్ని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. వెనకటి ప్లేట్లలో ఆస్బెస్టాసు వేసేవోళ్ళు. సన్న నుసిని ఆపే మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవండి.