అప్‌డేట్: పక్షుల ఫోటోలకు కెమెరా బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా?

కొంగలు ఎగిరేటప్పుడు ఫోకస్ జారిపోతోంది, బాడీ మార్చాలా లెన్స్ మార్చాలా అని అడిగాను కదా. ముందు లెన్స్ సంగతి చూడమని చాలామంది అన్నారు. అద్దెకు తెచ్చి చూశాను. బాడీ జోలికి పోవట్లేదు.

నాది కెనాన్ ఆర్7 కెమెరా. దానికి అడాప్టర్‌తో డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) కాలం నాటి జూమ్ లెన్స్ తగిలించి వాడేవాణ్ణి. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున నిలబడి తీస్తే, బాడీ కొంగ కంటి మీద ఫోకస్ చదరం చక్కగానే పెడుతుంది. లెన్స్‌లోని మోటారే ఆ వేగం అందుకోలేక గుర్రుమంటూ వెనకబడుతుంది. చదరం కంటి మీదే, ఫోటోలో కన్ను మాత్రం మసక! అదే బాడీకి అద్దెకు తెచ్చిన కెనాన్ ఆర్ఎఫ్ 100-400 లెన్స్ పెట్టాక కథే మారిపోయింది. నానో యూఎస్ఎం మోటారు, దాదాపు చప్పుడే లేదు. కొంగ నా వైపే దూసుకొచ్చినా వదల్లేదు. నా సెట్టింగులు: సర్వో ఏఎఫ్ (కదిలేదాని మీద ఫోకస్ వదలకుండా ఉంచే మోడ్), సబ్జెక్ట్ 'జంతువులు', షట్టర్ 1/2000 సెకను.

ఒకటే ఇబ్బంది. పూర్తిగా జూమ్ చేసి 400 దగ్గర పెడితే దాని అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/8; ఈ అంకె పెద్దదైతే కాంతి తక్కువ. పొద్దు వాలితే తడుముకుంటుంది. ఐఎస్ఓ (ఫోటో వెలుగు పెంచే సెట్టింగ్) పెంచితే ఫోటో వెలుగొస్తుందే గానీ సెన్సార్‌కి చేరే కాంతి పెరగదు కదా.

సోనీ ఏ6700 కెమెరా గురించి అడిగినవాళ్లకు: స్నేహితుడి బాడీకి 70-350 లెన్స్ పెట్టి మైపాడు బీచ్‌లో కాసేపు వాడాను. సబ్జెక్ట్ గుర్తింపుకి విడిగా ఏఐ ప్రాసెసర్ ఉంది, పట్టు గట్టిదే. 350 దగ్గర ఎఫ్/6.3 కాబట్టి సాయంత్రం కాస్త నయం కూడా. కానీ సరంజామా అంతా మార్చేంత స్తోమత లేదండీ.

సెకండ్ హ్యాండ్ 100-400 కోసం వెతుకుతున్నాను. నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరైనా అమ్ముతుంటే చెప్పండి.