గెలాగా: ఏ విడుదల కొనాలి?

లంకవాసి (అమలాపురం)
అంతరిక్ష ఓడతో శత్రువులను కాల్చే పాత వీడియో గేమ్ గెలాగాను మా అబ్బాయికి అలవాటు చేయాలని ఉంది. నింటెండో వారి స్విచ్ గేమ్ యంత్రం కోసం 2017లో వచ్చిన నామ్‌కో మ్యూజియం అనే పాత ఆటల సంకలనం కొనడం మేలా, లేక 1995 నాటి ప్లేస్టేషన్ డిస్కు వెతకడం మేలా? రాజమండ్రిలో గాని కాకినాడలో గాని మంచి జాయ్‌స్టిక్ దొరుకుతుందా?

కాసెట్టుపెట్టె (పాలకొల్లు)
డిస్కుల సంగతి తరువాత చూద్దామండి. మన వైపు గెలాగా ఆడామని చెప్పుకునేవారిలో చాలామంది 1981 నాటి, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాన్ని కంటితో చూసి ఉండరు. టీవీకి తగిలించే చవక గేముల కాసెట్లలో ఉన్నది నింటెండో వారి ఇంటి గేమ్ యంత్రం ఫామికామ్ కోసం 1985లో తిరిగి రాసిన రూపం. అసలు యంత్రానిది నిలువు తెర కాగా టీవీది అడ్డ తెర కనుక, అందులో స్కోరును కుడి పక్కకు జరిపారు. ఇంకొందరు ఆడినది అంతకుముందు 1979లో వచ్చిన గెలాక్సియన్. అందులో మన ఓడను ఎత్తుకుపోయే కిరణమే లేదు.

జంటఓడ (భీమవరం)
మేము ఏది ఆడామో మాకు తెలియదనుకోవద్దు. గంటకింత అని అద్దె కట్టి ఆడిన రోజులలో, కావాలనే ఓడను, కిరణంతో పట్టుకుపోయే పెద్ద శత్రువు బాస్‌కు అప్పగించి, అది కిందికి దూకినప్పుడే కొట్టి, రెండు ఓడలను జత కలిపి ఆడినవాణ్ణి నేను. వరుసలో నిలబడి ఉన్న బాస్‌ను తొందరపడి కొడితే మన ఓడ తిరిగి రాదన్న సంగతి మా వీధిలో నా దగ్గరే నేర్చుకున్నారు. శత్రువులు కాల్పులు మానేసే కిటుకు కూడా ఆ కాసెట్టులోనే చేసి చూపించాను.

కాసెట్టుపెట్టె (పాలకొల్లు)
అది నమ్మశక్యంగా లేదు. ఎడమ అంచున తేనెటీగల్లాంటి శత్రువులను రెండింటిని మిగిల్చి, చాలాసేపు తప్పించుకు తిరిగితే అవి వదిలిన గుళ్లు లెక్కలోంచి తొలగక, శత్రువుల గుళ్లకు కేటాయించిన చోట్లన్నీ నిండిపోతాయి. ఆ లోపం మూడు జెడ్80 ప్రాసెసర్లున్న ఆర్కేడ్ యంత్రపు ప్రోగ్రాములోనిది. వేరే ప్రాసెసర్ కోసం మొదటినుంచి రాసిన ఆటలోకి అది ఏ దారిన వస్తుంది?

జంటఓడ (భీమవరం)
ప్రాసెసర్ల పేర్లు వల్లించినంత మాత్రాన నేను ఆడిన ఆట అబద్ధమైపోదు. మీరు చదివారు, నేను చూశాను.

రాజోలు రిపేరు
పాత గేమ్ పెట్టెలు విప్పి బాగుచేయడం నా వృత్తి కనుక ఒక మాట చెబుతాను. ఇద్దరూ ఒకే కాసెట్టు గురించి మాట్లాడుతున్నారన్న నమ్మకం నాకు లేదు. పైన అతికించిన బొమ్మ ఒకటి, లోపలున్న ఆట మరొకటిగా నా బల్ల మీదికి వచ్చినవి కొల్లలు. అయినా కిటుకు పనిచేసిన తరువాత ఇక ఆడేదేముంది? ఎగురుతూ వచ్చే బాస్‌ను ఇద్దరు తోడుగాళ్లతో సహా ఎదుర్కొని 1600 పాయింట్లు కొట్టడంలో ఉన్న రుచి, గుళ్లు రాని ఆకాశంలో ఎక్కడిది?

కరెంటుకోత (నరసాపురం)
కిటుకు కోసం అంతసేపు కరెంటు ఉండాలి కదండీ! వానాకాలంలో మా ఊళ్లో అంత అదృష్టం ఎవరికీ పట్టలేదు. శత్రువులు కాల్పులు జరపని ఛాలెంజింగ్ స్టేజిలో నలభైకి నలభై కొట్టి 10,000 బోనస్ అందుకున్న సాయంత్రమే దీపాలు ఆరిపోయి, ఆ స్కోరు ఎవరికీ చూపించకుండానే పోయింది. అసలు ఆర్కేడ్ యంత్రం కూడా కరెంటు తీస్తే హైస్కోరు మరిచిపోయేదని తెలిసి కొంత ఊరట పొందాను. కొత్త విడుదలలలో స్కోరు నిలుస్తుంది. నాకు ఆ ఒక్క గుణమే చాలు.

తొలితరం (తణుకు)
అందరూ గెలాగా దగ్గరే ఆగిపోయారు. 1978లో జపాన్ రూపకర్త నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట లేకపోతే ఇవేవీ లేవు. శత్రువులు తగ్గేకొద్దీ ఇంటెల్ 8080 ప్రాసెసర్ మీద భారం తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. ఆ ఉత్కంఠ ముందు మీ జంట ఓడలు ఏపాటి?

జంటఓడ (భీమవరం)
ఆడి చూడండి, అప్పుడు చెప్పండి.

రాజోలు రిపేరు
లంకవాసి గారూ, జాయ్‌స్టిక్ సంగతి దుకాణాల వారినే అడగండి. ఆట మటుకు స్విచ్‌దే తీసుకోండి. తెరను నిలువుగా తిప్పుకుని ఆడవచ్చు, పైగా కొనసాగింపు ఆట గెలాగా '88 కూడా అందులోనే ఉంది.

కాసెట్టుపెట్టె (పాలకొల్లు)
గెలాగా '88 వచ్చినది 1987లో. అందులో మూడు ఓడలు జత కలుస్తాయి. జంటఓడ గారు అది కూడా కాసెట్టులోనే చూశారా?